ఫూబార్2000 రివ్యూ: చూడ్డానికి ఏమీ లేదంటారు, మాకు కావాల్సింది అదే

ఆడియో ప్లేయర్ల మీద రివ్యూలకి కొదవేం లేదు గానీ అన్నీ చూపున్నవాళ్ళు రాసినవే, స్కిన్ అదిరింది, ఆల్బమ్ ఆర్ట్ పెద్దగా పడుతోంది, పాటకి తగ్గట్టు బార్లు ఎగురుతున్నాయి, ఇవే మాటలు. నాకు చూపు లేదండి. కంప్యూటర్ పని మొత్తం ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ తోనే చేస్తా, అంటే స్క్రీన్ మీద ఉన్నది పైకి చదివి వినిపించే ప్రోగ్రామ్, మౌస్ కొనుక్కోవాల్సిన అవసరమే రాలేదు. అందుకని ఒక ప్లేయర్ బాగుందా లేదా అని నేను చూసేది ఒక్కటే, పాట ఆపకుండా, వింటూ వింటూనే దాంతో పని చేయించుకోగలనా లేదా అని. ఆ లెక్కలో ఎన్నో వచ్చి పోగా నా సిస్టమ్ లో పర్మనెంట్ గా మిగిలింది ఫూబార్2000. ఇదంతా ఎక్కువగా దాని గురించే, మధ్యలో వీఎల్‌సీ అనే ఇంకో ప్లేయర్, ఇంకా ఒకటి రెండు వస్తాయి.

నేను పెళ్ళిళ్ళ సీజన్లో మా ఊరి ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ వాయిస్తా, మిగతా రోజుల్లో పిల్లలకి ట్యూషన్లు చెప్తా. నొటేషన్ చూసి వాయించే ఛాన్స్ లేదు కదా, ప్రతి పాటా చెవితో పట్టుకోవాల్సిందే. సాయంత్రం సింగర్ ఫోన్ చేసి "అన్నా, రేపు రిసెప్షన్ లో ఈ పాట అడిగారు, రెండో చరణం ముందు ఫ్లూట్ బిట్ ఒకటుంటుంది, అది పడకపోతే పెళ్ళికొడుకు వాళ్ళ మామయ్య ఊరుకోడంట" అంటాడు. అంటే ఆ రాత్రికి ఆ బిట్ ని పది సెకన్లు వెనక్కి, మళ్ళీ పది సెకన్లు వెనక్కి జరుపుకుంటూ, ఒక చెయ్యి కీబోర్డ్ మీద ఒక చెయ్యి కంప్యూటర్ మీద పెట్టుకుని కూర్చోవాలి. ఇలాంటప్పుడు తెలుస్తుంది ఏ ప్లేయర్ పనికొస్తుందో ఏది రాదో.

చూపున్న ఫ్రెండ్స్ కి ఎంత చెప్పినా అర్థం కాని పాయింట్ ఒకటుంది. మాకు స్క్రీన్ కూడా చెవిలోనే ఉంటుంది. మీరు పాట వింటూ స్క్రీన్ చూస్తారు, కన్ను ఒక పని చెవి ఒక పని. మాకు రెండూ ఒకే చెవిలోకి రావాలి, పాట నడుస్తుండగానే ఎన్‌వీడీఏ మాట్లాడుతుంది, దాని మాట వినాలంటే పాట తగ్గాలి, పాట వినాలంటే అది నోరు మూసుకోవాలి. కాబట్టి ప్లేయర్ ఎంత తక్కువ వాగిస్తే అంత మంచిది, అడిగినప్పుడు మాత్రం టక్కున చెప్పాలి. చాలా ప్లేయర్లు సరిగ్గా దీనికి ఉల్టా. ట్యాబ్ కొడుతూ పోతే "బటన్, బటన్, బటన్, బటన్" అని వస్తుంది, ఏ బటన్ ఏంటో పేరు పెట్టి ఉండదు, బొమ్మ గీసి వదిలేస్తారు. ఏది ప్లే, ఏది డిలీట్ అని నొక్కి చూసి తెలుసుకోవాలి. పేర్లు చెప్పను గానీ అలాంటివి బోలెడు చూశా, అన్నిటికీ ఫోర్ పాయింట్ సంథింగ్ రేటింగులు.

ఇక ఫూబార్ విషయానికొస్తే, ఇది 2002 లో మొదలైంది, చేసింది పీటర్ పావ్‌లోవ్‌స్కీ, అంతకుముందు విన్ఆంప్ అనే పాత ప్లేయర్ చేసిన నల్‌సాఫ్ట్ కంపెనీకి పనిచేసిన మనిషి. ఇప్పుడు వెర్షన్ 2 నడుస్తోంది, అది 2023 లో వచ్చింది. డబ్బులు కట్టక్కర్లేదు, యాడ్స్ లేవు, ప్రీమియం తీసుకో అని మధ్యలో వచ్చి అడగదు. ఓపెన్ చేస్తే పైన మెనూ, మధ్యలో పాటల లిస్టు, కింద స్టేటస్ బార్, అంతే. మా బామ్మర్ది ఒకసారి స్క్రీన్ చూసి "ఏంటి బావా, పాటలు పెట్టావా బ్యాంకు స్టేట్‌మెంట్ తెరిచావా" అన్నాడు. వాడికి చప్పగా ఉందేమో గానీ, ప్రతిదీ అక్షరాల్లో ఉంది, ప్రతి కమాండూ మెనూలో ఉంది, స్క్రీన్ రీడర్ కి ఇంతకంటే ఏం కావాలి. బాణం కీలతో కిందికి వస్తుంటే ఒక్కో లైనూ ఆర్టిస్ట్, ఆల్బమ్, ట్రాక్ నంబర్, పాట పేరు, నిడివి అన్నీ చదువుతుంది. ఎంటర్ కొడితే ప్లే.

మొదటిసారి ఇన్‌స్టాల్ చేసి తెరవగానే రంగులు, లేఔట్ ఎలా కావాలి అని ఒక బాక్స్ వస్తుంది. దాంతో కుస్తీ పట్టొద్దు, ఉన్నదున్నట్టు ఓకే కొట్టేయండి. లేఔట్ ని మన ఇష్టమొచ్చినట్టు మార్చుకునే ఎడిటింగ్ మోడ్ ఒకటుంది, చూపున్నవాళ్ళు దాని కోసమే ఈ ప్లేయర్ వాడతారు, మనకి దాని జోలి వద్దు. ఇంకో కారణం కూడా ఉంది, అది ఇప్పుడే చెప్తా.

ఎన్‌వీడీఏ లో ఫూబార్ కోసం స్పెషల్ గా రాసిన సపోర్ట్ ఉంది, చాలామంది ఏళ్ళ తరబడి ఫూబార్ వాడుతూ కూడా ఇది చూడరు. ఫూబార్ విండోలో ఉండి కంట్రోల్ షిఫ్ట్ ఈ కొడితే పాట ఎంతసేపు అయ్యిందో చెప్తుంది, కంట్రోల్ షిఫ్ట్ ఆర్ కొడితే ఇంకా ఎంత ఉందో, కంట్రోల్ షిఫ్ట్ టీ కొడితే మొత్తం ఎంతో. ఆ టైమ్ ని అది స్టేటస్ బార్ లో నుంచి తీసుకుంటుంది, కాబట్టి స్టేటస్ బార్ ఫార్మాట్ మొదట ఎలా ఉందో అలాగే ఉండాలి, మార్చారా ఈ మూడు కీలూ పనిచెయ్యవు. అందుకే లేఔట్ తో ఆడొద్దంది. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నాకైతే ఈ మూడు కీల కోసమే ఫూబార్ వాడొచ్చు. ఫ్లూట్ బిట్ మొదలవ్వగానే కంట్రోల్ షిఫ్ట్ ఈ, "రెండు పద్నాలుగు" అంటుంది, అయిపోయింది, ఆ నంబర్ గుర్తుపెట్టుకుంటే చాలు. రిహార్సల్ లో కూడా "రెండు పద్నాలుగు దగ్గర నుంచి పెట్టు" అంటే చూపున్నవాళ్ళు కూడా ఫోన్లో అక్కడికే వస్తారు, ఇద్దరికీ ఒకే భాష. ఏ పాట నడుస్తోందో తెలియాలంటే ఇన్సర్ట్ టీ, అది విండో టైటిల్ చదువుతుంది, ఫూబార్ పాట పేరుని టైటిల్ లోనే పెడుతుంది. ఎంపీ3 నా, ఎంత బిట్‌రేట్, స్టీరియోనా మోనోనా అని కావాలంటే ఇన్సర్ట్ ఎండ్, ఎన్‌వీడీఏ లో ల్యాప్‌టాప్ కీబోర్డ్ లేఔట్ పెట్టుకున్నవాళ్ళకి ఇన్సర్ట్ షిఫ్ట్ ఎండ్.

తర్వాత హాట్‌కీలు. అసలు మజా అంతా ఇక్కడే. కంట్రోల్ పీ కొడితే ప్రిఫరెన్సెస్ వస్తుంది, ఎడమవైపు ట్రీ లో కీబోర్డ్ షార్ట్‌కట్స్ అని ఉంటుంది, అందులో ఏ మెనూ కమాండ్ కైనా ఏ కీ అయినా కట్టుకోవచ్చు. గ్లోబల్ హాట్‌కీ అని ఒక చెక్‌బాక్స్, అది టిక్ చేస్తే ఫూబార్ వెనకాల ఎక్కడో మినిమైజ్ అయ్యి ఉన్నా ఆ కీ పనిచేస్తుంది. వర్డ్ లో పాట సాహిత్యం టైప్ చేస్తూ, వర్డ్ లోంచి కదలకుండా పాటని ఆపొచ్చు, వెనక్కి జరపొచ్చు. ప్లేబ్యాక్ మెనూలో సీక్ కింద ఒక సెకను నుంచి పది నిమిషాల దాకా ముందుకీ వెనక్కీ రకరకాల గెంతులు రెడీగా ఉంటాయి, మీకు కావాల్సిన గెంతు తీసుకోవడమే. నేను కంట్రోల్ షిఫ్ట్ తో ఎఫ్9 కి పది సెకన్లు వెనక్కి, ఎఫ్10 కి ప్లే పాజ్, ఎఫ్11 కి పది సెకన్లు ముందుకి పెట్టుకున్నా.

కీలు ఎంచుకునేటప్పుడు మాత్రం జాగ్రత్త. చాలామంది మొదట కంట్రోల్ ఆల్ట్ తో బాణాలు పెట్టుకుంటారు, చేతికి సులువని. కానీ ఎన్‌వీడీఏ లో టేబుల్స్ చదవడానికి అవే కీలు, కాబట్టి ఏదైనా వెబ్ పేజీలో టైమ్‌టేబుల్ చదువుతుంటే గొడవ. కంట్రోల్ విండోస్ తో ఎడమ కుడి బాణాలు వర్చువల్ డెస్క్‌టాప్ మార్చడానికి విండోస్ వాడుకుంటుంది. మీరు అనుకున్న కీ ఖాళీగా ఉందో లేదో తెలుసుకోవాలంటే ఇన్సర్ట్ 1 కొట్టి ఇన్‌పుట్ హెల్ప్ ఆన్ చేసుకుని ఆ కీ నొక్కి చూడండి, ఎన్‌వీడీఏ వాడుకుంటున్న కీ అయితే పని పేరుతో సహా చెప్తుంది, మళ్ళీ ఇన్సర్ట్ 1 కొడితే ఆఫ్.

రెండు గొంతుల గొడవకి ఫూబార్ ఒక్కటే ఏం చెయ్యలేదు, ఎన్‌వీడీఏ వైపు నుంచి కూడా సర్దుకోవాలి. ఇన్సర్ట్ షిఫ్ట్ డీ అని ఆడియో డకింగ్, ఎన్‌వీడీఏ మాట్లాడినప్పుడు మాత్రం పాట సౌండ్ తగ్గి మళ్ళీ పెరుగుతుంది. మామూలుగా వినేవాళ్ళకి ఇది చాలు. నాకు పడదు, బిట్ పట్టుకుంటున్నప్పుడు సౌండ్ కిందికీ పైకీ ఊగితే చిరాకు. 2024 లో ఎన్‌వీడీఏ వాళ్ళు సౌండ్ స్ప్లిట్ అని తెచ్చారు, ఇన్సర్ట్ ఆల్ట్ ఎస్ కొడితే స్క్రీన్ రీడర్ ఒక చెవిలో, మిగతా ప్రోగ్రాములన్నీ రెండో చెవిలో. అబ్బ, ఇదేదో మన కోసమే చేశారు అనిపిస్తుంది, పాఠాలకీ ప్రవచనాలకీ నిజంగా సూపర్. పాటలకి మాత్రం తిరకాసు ఉంది, పాటని కుడి చెవికి నెట్టినప్పుడు స్టీరియోలో ఎడమ పక్కన ఉన్న వాయిద్యాలు కుడికి రావు, వినపడకుండా పోతాయి. ఎడమ పక్క గిటార్ ఉన్న పాట విని "ఇందులో గిటారే లేదు" అని చెప్పారనుకోండి, స్టేజ్ మీద నవ్వులపాలే. ఆ కీనే మళ్ళీ మళ్ళీ కొడితే మోడ్లు మారతాయి, సెట్టింగ్స్ లో ఆడియో కింద అయితే అన్ని మోడ్లూ కనిపిస్తాయి, స్క్రీన్ రీడర్ ఒక్క చెవిలో, ప్రోగ్రాములు రెండు చెవుల్లో అనే మోడ్ ఉంది, సంగీతానికి అది పెట్టుకోండి.

దీనికంటే నాకు నచ్చే పద్ధతి, రెండిటినీ రెండు వేరే డివైజులకి పంపేయడం. ఒక చవక యూఎస్‌బీ సౌండ్ కార్డ్ కొని ఫూబార్ ని దాని మీదకి పెట్టా, ప్రిఫరెన్సెస్ లో ప్లేబ్యాక్ కింద అవుట్‌పుట్ అని ఉంటుంది, అక్కడ డివైజ్ మార్చుకోవచ్చు. ఎన్‌వీడీఏ ల్యాప్‌టాప్ స్పీకర్ లోంచి మాట్లాడుతుంది, పాట హెడ్‌ఫోన్స్ లో. ఇంకెవరి దారి వాళ్ళది.

ఈ అవుట్‌పుట్ లిస్టులోనే ఒక ప్రమాదం ఉంది, దీని గురించి చూపున్నవాళ్ళు ఎవరూ హెచ్చరించరు ఎందుకంటే వాళ్ళకి అది ప్రమాదమే కాదు. ఒక్కో డివైజ్ పేరు రెండుసార్లు కనపడుతుంది, ఒకటి మామూలుగా, ఒకటి పక్కన ఎక్స్‌క్లూజివ్ అని. ఆడియో పిచ్చి ఉన్నవాళ్ళు ఎక్స్‌క్లూజివ్ పెట్టు, క్వాలిటీ అదిరిపోద్ది అంటారు. దానర్థం ఏంటంటే ఆ సౌండ్ కార్డ్ ని ఫూబార్ ఒక్కటే తీసేసుకుంటుంది, వేరే ఏ ప్రోగ్రామ్ శబ్దమూ అందులోంచి రాదు, ఎన్‌వీడీఏ శబ్దం కూడా. మీ స్క్రీన్ రీడర్ కూడా అదే కార్డ్ మీద ఉంటే, పాట మాత్రం హాయిగా మోగుతూ ఉంటుంది, కంప్యూటర్ మూగదైపోతుంది. మనకైతే స్క్రీన్ ఆరిపోయినట్టే. అలా ఇరుక్కుంటే కంగారు పడొద్దు, ఫూబార్ లోనే ఉంటే ఎస్కేప్ కొట్టి ఆల్ట్ ఎఫ్4 కొట్టండి, అది మూతపడగానే కార్డ్ వదిలేస్తుంది, మాట తిరిగొస్తుంది. తర్వాత తెరిచి, ఏమీ ప్లే చెయ్యకుండా మామూలు డివైజ్ కి మార్చుకోండి. వేరే కార్డ్ ఉంటే తప్ప ఎక్స్‌క్లూజివ్ వైపు వెళ్ళొద్దు, మన ఎంపీ3 లకి దాంతో ఒరిగేది కూడా ఏం లేదు.

సౌండ్ మాట వచ్చింది కాబట్టి రీప్లేగెయిన్ గురించి కూడా. మన దగ్గర పాత పాటలు ఎక్కడెక్కడి నుంచో వచ్చినవి, క్యాసెట్ నుంచి ఎక్కించినవి కొన్ని, సీడీ నుంచి కొన్ని, ఎవరో పెన్‌డ్రైవ్ లో ఇచ్చినవి కొన్ని. ఒకటి గుసగుసలాడుతుంది, తర్వాతది చెవులు పగలగొడుతుంది. మీకు చెవులకి ఇబ్బంది, మాకు అదొక్కటే కాదు, పాట ఒక్కసారిగా పెద్దగా వస్తే దాని కింద స్క్రీన్ రీడర్ మాట నలిగిపోతుంది, సౌండ్ తగ్గించుకోవడానికి ఏ కీ నొక్కామో కూడా వినపడదు. ఫూబార్ లో పాటలన్నీ సెలెక్ట్ చేసి అప్లికేషన్స్ కీ కొట్టి, మెనూలో రీప్లేగెయిన్ లోకి వెళ్ళి స్కాన్ చేస్తే ప్రతి పాటా ఎంత గట్టిగా ఉందో కొలిచి దాని ట్యాగ్ లో, అంటే పాట ఫైల్ లోపలే వివరాలు ఉండే చోట, రాసుకుంటుంది. తర్వాత ప్లేబ్యాక్ సెట్టింగ్స్ లో అది వాడమని చెప్పాలి. ఫోల్డర్ పెద్దదైతే టైమ్ పడుతుంది, పెట్టేసి భోజనానికి వెళ్ళండి. ఆ తర్వాత అన్నీ ఒకే లెవెల్ లో వస్తాయి.

ఇంక ట్యాగ్‌ల సంగతి. నెట్ లోంచి వచ్చిన తెలుగు పాటల్లో ప్రతి దాంట్లోనూ ఏదో ఒక వెబ్‌సైట్ పేరు ఇరికించి ఉంటుంది, ఆర్టిస్ట్ లోనూ అదే, ఆల్బమ్ లోనూ అదే, పాట పేరు చివరా అదే. కంటికి అది ఒక మూల కనపడే చెత్త, పట్టించుకోకుండా వదిలెయ్యొచ్చు. మాకు లిస్టులో ఒక్కో పాట మీద ఆగినప్పుడల్లా "డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూ డాట్" అని మొదలుపెట్టి ఆ సైట్ పేరంతా చదివి, డాట్ కామ్ అని, అప్పుడు గానీ పాట పేరుకి రాదు. రెండొందల పాటల లిస్టులో ఒక పాట వెతకాలంటే రెండొందల సార్లు ఆ సైట్ కి ఫ్రీ పబ్లిసిటీ వినాలి. ఫూబార్ లో కంట్రోల్ ఏ తో అన్నీ సెలెక్ట్ చేసి ఆల్ట్ ఎంటర్ కొడితే ప్రాపర్టీస్ వస్తుంది, అక్కడ ఆల్బమ్ ఫీల్డ్ ఒక్కసారి సరిచేస్తే అన్ని పాటలకీ మారిపోతుంది. పాట పేర్లు ఒక్కోటి ఒక్కోలా ఉంటాయి కదా, వాటికి అందులోనే టూల్స్ లో ఆటోమేటిగ్గా నింపే ఆప్షన్ ఉంది, ఫైల్ పేరు శుభ్రంగా ఉంటే అందులోంచి నంబర్, పాట పేరు విడదీసి నింపేస్తుంది. ఒక ఆదివారం కూర్చుని చేసుకుంటే మళ్ళీ జన్మలో ఆ డబ్ల్యూలు వినక్కర్లేదు. ఒరిజినల్ ఫైల్స్ కాపీ ఒకటి పక్కన పెట్టుకుని మొదలెట్టండి.

ఇంకో చిక్కు స్పెల్లింగ్. ఘంటసాల అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేవాళ్ళు తలా ఒక రకంగా రాస్తారు, ఒకడు జీ తర్వాత హెచ్ పెడతాడు, ఒకడు పెట్టడు, ఒకడు చివర్లో రెండు ఏ లు. కంట్రోల్ ఎఫ్ తో వెతికితే ఒక స్పెల్లింగ్ లో సగం పాటలే దొరుకుతాయి. నేనైతే మెల్లిగా అన్నీ తెలుగు లిపిలోకి మార్చేస్తున్నా. అలా మారిస్తే ఇంకో సమస్య, ఇంగ్లిష్ గొంతు పెట్టుకుని ఉంటే తెలుగు లిపి సరిగ్గా చదవదు. ఎన్‌వీడీఏ తో పాటే వచ్చే ఈస్పీక్ అనే గొంతుల ప్రోగ్రామ్ లో తెలుగు గొంతు ఉంది, వినసొంపుగా ఉంటుందని ఎవరూ అనరు, రోబో బొంగురు గొంతు, కానీ స్పీడ్ పెంచినా అక్షరం మింగదు. రోజంతా అది వినలేను అంటారా, ఇన్సర్ట్ కంట్రోల్ పీ కొట్టి కాన్ఫిగరేషన్ ప్రొఫైల్స్ లో ఫూబార్ కి మాత్రం ఒక ప్రొఫైల్ చేసుకోండి, ఫూబార్ లోకి వెళ్ళగానే దానంతట అది తెలుగు గొంతుకి మారుతుంది, బయటికి రాగానే మీ మామూలు గొంతు. ఇది చూపించాక మా దగ్గరకొచ్చే కుర్రాడు ఒకడు "సార్, ఇది మీరే తయారు చేశారా" అని అడిగాడు. లేదు నాయనా, ఎప్పట్నుంచో ఉంది, మనమే మెనూ కిందిదాకా వెళ్ళం.

మరి తిట్టడానికేం లేదా అంటే ఉంది. పాట మారినప్పుడు దానంతట అది పేరు చెప్పదు, ఫూబార్ లోకి వెళ్ళి ఇన్సర్ట్ టీ కొట్టాల్సిందే. టైమ్ చెప్పే ఆ మూడు కీలు కూడా ఫూబార్ విండోలో ఉన్నప్పుడే, వర్డ్ లో ఉండి అడిగితే పలకదు, గ్లోబల్ గా పెట్టుకునే వీల్లేదు, ఆల్ట్ ట్యాబ్ కొట్టి వెళ్ళి అడిగి రావాలి. ప్లేబ్యాక్ ఆర్డర్ కి హాట్‌కీ కట్టుకుంటే అది మారిందో లేదో మాటల్లో చెప్పదు, మెనూలోకి వెళ్ళి ఏది టిక్ అయ్యి ఉందో చూసుకోవాలి. ఫూబార్ కి అదనపు పనులు నేర్పే, విడిగా దించుకునే కాంపొనెంట్స్ అని ఉంటాయి, అవి తలా ఒకరు రాసినవి, కొన్ని చక్కగా చదువుతాయి, కొన్ని గోడకి చెప్పుకోవాల్సిందే. అన్నిటికంటే నాకు లోటు, టైమ్ టైప్ చేసి నేరుగా అక్కడికి గెంతే కమాండ్ నాకు దొరికే చోట లేదు, రెండు పద్నాలుగుకి వెళ్ళాలంటే నిమిషం, నిమిషం, పది సెకన్లు అని గెంతుకుంటూ వెళ్ళాలి.

ఆ పనికి వీఎల్‌సీ తెరుస్తా. దాంట్లో కంట్రోల్ టీ కొట్టి టైమ్ రాసి ఎంటర్ కొడితే నేరుగా అక్కడికే. షిఫ్ట్ తో బాణం మూడు సెకన్లు, ఆల్ట్ తో పది సెకన్లు, కంట్రోల్ తో నిమిషం, ఇవేవీ సెట్ చేసుకోనక్కర్లేదు, ముందే ఉంటాయి. స్పీడ్ కి స్క్వేర్ బ్రాకెట్ కీలు, ఎడమది నెమ్మది, కుడిది స్పీడు, ఈక్వల్ టు కొడితే మామూలుకి. నెమ్మది చేసినా శ్రుతి మారదు, మాలాంటోళ్ళకి అది ప్రాణం, ఎందుకంటే శ్రుతి దిగిపోతే స్వరాలు తప్పు పట్టుకుంటాం. ఫూబార్ లో కూడా టెంపో తగ్గించే కాంపొనెంట్లు ఉన్నాయి గానీ అవి తెచ్చి, డీఎస్పీ అనే సౌండ్ ఎఫెక్టుల లిస్టులో ఎక్కించి, అంత తతంగం ఎందుకు, వేగం వరకు వీఎల్‌సీ నే మేలు.

వీఎల్‌సీ తో నా పేచీ ఏంటంటే అది కంటికే జవాబిస్తుంది. టీ కొడితే టైమ్ చూపిస్తుంది, చెప్పదు, బొమ్మ మీద రాస్తుంది. స్పీడ్ మార్చినా అంతే. పోయినసారి ఆపిన చోటు నుంచి కంటిన్యూ చెయ్యాలా అని పైన ఒక పట్టీ లో అడుగుతుంది, ఆ ప్రశ్న అడిగిందని మనకి తెలిసేలోపు అది వెళ్ళిపోతుంది, అందుకని ప్రిఫరెన్సెస్ లో ఇంటర్‌ఫేస్ కింద కంటిన్యూ ప్లేబ్యాక్ ని ఆల్వేస్ కి మార్చేయండి. మూడు గంటల ప్రవచనాలు వినే మా నాన్నగారి లాంటి వాళ్ళకి ఈ ఒక్క సెట్టింగ్ చేసిపెడితే చాలు. ఎన్‌వీడీఏ కి వీఎల్‌సీ కోసం యాడ్ఆన్ కూడా ఉంది, అది వేసుకుంటే కొంత మాట వస్తుంది.

విన్ఆంప్ గురించి అడగకుండా మా బ్యాచ్ వాళ్ళు ఊరుకోరు. 1997 లో వచ్చింది, జెడ్ ఎక్స్ సీ వీ బీ అని కింది వరసలో వరసగా ఐదు కీలు, వెనక్కి, ప్లే, పాజ్, స్టాప్, ముందుకి. మాలో చాలామంది వేళ్ళకి ఆ వరస ఇప్పటికీ పోలేదు. జే కొట్టి పాట పేరు టైప్ చేస్తే దొరికేది. ఇప్పటికీ పాత వెర్షన్ పెట్టుకుని నడిపిస్తున్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళ ఇష్టం, నేను మాత్రం ఆ ఐదు కీలనీ ఫూబార్ లో కట్టేసుకుని ఇల్లు మారిపోయా. గ్లోబల్ టిక్ పెట్టకుండా కట్టుకోండి, లేకపోతే వర్డ్ లో బీ అక్షరం కొట్టినప్పుడల్లా పాట మారిపోతుంది.

పుస్తకాలకి మాత్రం ఫూబార్, వీఎల్‌సీ రెండూ దండగ. డైసీ ఫార్మాట్ లో వచ్చే ఆడియో పుస్తకంలో చాప్టర్ నుంచి చాప్టర్ కి, హెడింగ్ నుంచి హెడింగ్ కి, పేజీ నంబర్ కి గెంతొచ్చు, ఫూబార్ కి ఆ సంగతే తెలీదు, దానికి అదొక ఎంపీ3 ల మూట. సుగమ్య పుస్తకాలయ అని 2016 లో మొదలైన ఆన్‌లైన్ లైబ్రరీ ఉంది, డైసీ ఫోరమ్ ఆఫ్ ఇండియా వాళ్ళు కేంద్ర ప్రభుత్వంతో కలిసి పెట్టింది, అచ్చు పుస్తకం చదవలేని వాళ్ళం అందులో మెంబర్ అవ్వొచ్చు. పుస్తకాల్ని ఇలా మనకి చదువుకునే రూపంలోకి మార్చడానికి కాపీరైట్ అడ్డు రాకూడదని చేసుకున్న మరకేష్ ఒప్పందాన్ని 2014 లో అన్ని దేశాల కంటే ముందు ఆమోదించింది మనమే. అక్కడి డైసీ పుస్తకాలు వినడానికి డాల్ఫిన్ వాళ్ళ ఈజీరీడర్ వాడండి, ఫ్రీ. గ్రూప్ పరీక్షలకి చదివే పిల్లలకి నేను ఇదే చెప్తా, పాటలకి ఫూబార్, పాఠం రికార్డింగ్ కి వీఎల్‌సీ, పుస్తకానికి ఈజీరీడర్. ఒక్క ప్లేయర్ తో అన్నీ చేసెయ్యాలి అని కూర్చుంటే ఏదీ సరిగ్గా అవ్వదు.

ఇంకొకటి, నెట్ సెంటర్లలో, కాలేజీ ల్యాబుల్లో పనిచేసుకునేవాళ్ళ కోసం. ఫూబార్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పోర్టబుల్ అని ఒక ఆప్షన్ అడుగుతుంది, అది పెట్టుకుని పెన్‌డ్రైవ్ లోకి ఎక్కిస్తే మీ హాట్‌కీలు, ప్లేలిస్టులు, సెట్టింగ్స్ అన్నీ అందులోనే ఉంటాయి. ఎన్‌వీడీఏ కి కూడా టూల్స్ మెనూలో పోర్టబుల్ కాపీ చేసుకునే వీలుంది. రెండూ ఒకే పెన్‌డ్రైవ్ లో వేసుకుంటే ఎవరి కంప్యూటర్ అయినా కాసేపు మనదే. ఒక్కటే తేడా, ఆడియో డకింగ్ పోర్టబుల్ కాపీలో పనిచెయ్యదు, ఇన్‌స్టాల్ చేసిన ఎన్‌వీడీఏ లోనే వస్తుంది, కాబట్టి అక్కడ ఫూబార్ వాల్యూమ్ తగ్గించుకునే హాట్‌కీ ఒకటి ముందే కట్టుకుని వెళ్ళండి. కొన్ని ల్యాబుల్లో పెన్‌డ్రైవ్ లోంచి ప్రోగ్రామ్ నడవనివ్వరు, అప్పుడు ల్యాబ్ అసిస్టెంట్ ని బతిమాలుకోవాల్సిందే.

దించుకునేటప్పుడు ఫూబార్2000 డాట్ ఆర్గ్ నుంచే దించుకోండి, గూగుల్ లో పైన వచ్చే డౌన్‌లోడ్ సైట్ల నుంచి వద్దు, వాటిల్లో అసలు డౌన్‌లోడ్ లింక్ ఏదో, యాడ్ ఏదో తెలీదు, స్క్రీన్ రీడర్ రెండిటినీ ఒకేలా చదువుతుంది. విండోస్ 7 నుంచి పైన దేంట్లోనైనా నడుస్తుంది, పాత ల్యాప్‌టాప్ అయినా బరువు అనిపించదు. మొదటి రోజే అన్ని సెట్టింగులూ పెట్టేసుకోకండి, ముందు ఆ మూడు టైమ్ కీలు, ఒక గ్లోబల్ ప్లే పాజ్, అవి చేతికి అలవాటయ్యాక మిగతావి. కీలు కట్టుకునే చోట ఎక్కడైనా ఇరుక్కుంటే కింద అడగండి, మీ ఎన్‌వీడీఏ వెర్షన్, డెస్క్‌టాప్ లేఔటా ల్యాప్‌టాప్ లేఔటా అనేది కూడా రాయండి, అది తెలియకుండా ఏ కీ చెప్పినా తేడా కొడుతుంది.